నిండా నీళ్లు పోసిన కుండ

నిన్న మార్కాపురంలో చేపల దుకాణానికి పోయాను. ఒక తొట్టిలో పెంపుడు చెరువు చేపలకు సన్నని గొట్టంతో గాలి కొడుతున్నారు. పక్కన సత్తు బేసినులో జానెడు నీళ్లలో కొర్రమేనులు. వాటికి గొట్టం లేదేమని అడిగాను. "వాటికెందుకు తాతా! మొప్పలు చాలక తలెత్తి పైగాలి మింగుతాయి. నిండా పోసి మూతేస్తే నీళ్లలోనే ఊపిరాడక సస్తాయి" అన్నాడు దుకాణదారు. నేను చేపలు కొనకుండానే వచ్చేశాను.

నేను హైస్కూల్లో చదివేటప్పటి మాట. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మా ప్రాంతం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. త్రిపురాంతకం దగ్గర మాది మెట్ట ఊరు. గొర్రెలు, జొన్నచేలు తప్ప చేప ముఖం చూసినవాళ్లు తక్కువ. కాన్పుకు పుట్టింటికి వచ్చిన అక్కకు బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత అన్నం ముట్టడం మానేసింది. ఎవరు బతిమాలినా గోడవైపు తిరిగి పడుకునేది. చివరికి ఒకరోజు, "కొర్రమేను పులుసైతే రెండు ముద్దలు తింటా" అన్నది. పచ్చి బాలింతకు ప్రాణంతో తెచ్చిన చేపే పెట్టాలని అవ్వ పట్టు. నాయన నన్ను వెంటబెట్టుకొని కంభం చెరువుకు పోయినాడు.

చెరువు దగ్గర చేపలాయన కుండలో సగానికి తక్కువే నీళ్లు పోసి, రెండు కొర్రమేనులు వేసి, పైన తుంగ కప్పి ఇచ్చాడు. నాయనకు అది నచ్చలేదు. "ఇంత చెరువు పెట్టుకొని నీళ్లకు గూడా పిసినారితనమేందిరా వీనికి!" అని బస్సులో గొణుగుతూనే ఉన్నాడు. వేసవిలో కడవ నీళ్ల కోసం మైళ్లు నడిచిన మనిషి ఆయన. మార్కాపురంలో బస్సు మారేటప్పుడు హోటలాయనను అడిగి కుండను అంచుదాకా నింపినాడు. తొణకకుండా పైన మూకుడు బోర్లించి తడిగుడ్డ బిగించి కట్టినాడు.

"ఏంది మామా, చేపలకు దూపయితాందా?" అన్నాడు హోటలాయన.

"నవ్వుకోరా నవ్వుకో. మా పాప తినాల్సినవి. సుఖంగా రావాల గదా!"

రెండో బస్సులో కుండ నాయన ఒళ్లోనే ఉంది. కొంతదూరం పోయేసరికి లోపల నుంచి మూకుడును తలతో గుద్దుతున్న చప్పుడు. నాయన ముఖం వెలిగింది. "చూసినావా, నీళ్లు పడంగానే ఎంత హుషారొచ్చిందో!" అన్నాడు. ఇంకాస్త పోయాక చప్పుడు ఆగింది. "అలిసి పడుకున్నట్లుండాయి" అని కుండ కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్క చాలా రోజుల తర్వాత గడప దాటి వసారాలోకి వచ్చి కూర్చుంది. నాయన గుడ్డ విప్పినాడు. తేటనీళ్లు, వాటిమీద తెల్లని పొట్టలు.

"సచ్చిన చేప బాలింతకు పనికిరాదు. పారబోయి" అన్నది అవ్వ.

"నీళ్లుండంగానే ఎట్ల సచ్చినాయి నాయనా?" అని అడిగింది అక్క.

నాయన కుండలోకి చెయ్యి పెట్టి ఒకదాన్ని అటూ ఇటూ కదిలించాడు. అక్క ఆయన చేతినే కొంతసేపు చూసింది. "వండవ్వా. తింటా" అన్నది.

అవ్వ వద్దన్నది, అమ్మ వద్దన్నది. అక్క వినలేదు. పులుసు పొయ్యిమీద ఉడుకుతోంది. నేను అలవాటు కొద్దీ డైరీ తీసి, ఎండ ఎక్కువగా ఉందనీ, రెండు బస్సులూ వేళకే దొరికాయనీ రాసుకున్నాను. అక్క కంచం ముందు కూర్చుంది. ఎదురుగా నాయన. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకొని, ఉప్పు చాలిందో లేదో కూడా చెప్పకుండా, కళ్లు దించుకొని నమిలింది. ఆమె మింగేదాకా నాయన ఊపిరి బిగబట్టుకొని చూశాడు. తర్వాత రెండో ముద్ద. అన్న మాట ప్రకారం రెండు తిని చెయ్యి కడుక్కుంది. మరునాటి నుంచి ఏది పెట్టినా, రుచి అడగకుండా, అట్లాగే తిన్నది.

తర్వాత ఏళ్లకు ఏళ్లు ఇట్టే గడిచిపోయాయి. ఆ రెండు ముద్దలు తినడానికి పట్టిన కాలం మాత్రం నాకు ఇంకా గడవలేదు.