ఇటుకల ఆట, ఎదురు కుర్చీ

నాకిచ్చిన మెమోకు నేను సంజాయిషీ రాశాను. జవాబు రాలేదు. గుర్తు చేస్తూ రెండో ఉత్తరం రాశాను. దానికీ రాలేదు. ఉద్యోగ విరమణ రోజు శాలువా కప్పిన అధికారిని వేదిక మీదే అడిగాను. ఆయన నవ్వి మైకు ఇంకొకరికి అందించాడు. ఆ తర్వాత రాసిన మూడో ఉత్తరం అందినట్టు రశీదు మాత్రం నా దగ్గరుంది. అధికారులు చదవని ఈ సంగతిని, కంప్యూటర్ మరమ్మతు పని ఎట్లా ఉండేదో తెలుసుకోవాలనుకునే పాఠకులైనా చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

అది 2006 వేసవి. ఖమ్మంలో, ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లను చూసే విభాగంలో నేను టెక్నికల్ అసిస్టెంటును. హోదాలో జూనియర్ అసిస్టెంటుకు పైన, సూపరింటెండెంటుకు కింద. మర్యాదలో మాత్రం అందరికీ కిందే. మండలాల్లో యంత్రం చెడితే అక్కడి వాళ్ళు ఫిర్యాదు ఫారం పంపేవారు. సూపరింటెండెంటు దాని మీద నా పేరు రాసేవాడు. నేను స్క్రూడ్రైవర్లు, ఫ్లాపీలు, ఒక పాత టూత్‌బ్రష్ ఉన్న సంచి తగిలించుకుని బస్సెక్కేవాణ్ణి. తిరిగొచ్చాక ఎక్కడికి వెళ్ళానో, ఏం చేశానో టూర్ డైరీలో రాసి సంతకానికి పెట్టాలి.

వైరా, నేలకొండపల్లి నుంచి గోదావరి పక్క అడవి మండలాల దాకా ఎక్కడికి వెళ్ళినా ఒకటే తీరు. ఆడిట్ వాళ్ళు వస్తే కుర్చీలు తుడిచి వేస్తారు. టెలిఫోన్ లైన్‌మన్ వచ్చినా స్టూలు వేస్తారు. నేను వెళితే సీట్లో ఉన్న గుమస్తా లేవకుండానే కుర్చీ కొంచెం పక్కకు జరుపుకునేవాడు. నేను నిలబడి, నడుం వంచి, అతని భుజం మీదుగా తెర చూస్తూ పని చేసేవాణ్ణి. నాకు కుర్చీ వేసిన కార్యాలయాలు నా సర్వీసు మొత్తంలో ఎన్నో ఇప్పటికీ చెప్పగలను. ఒక చేతి వేళ్ళు చాలు.

ఆ వేసవిలో పినపాక అవతల ఒక మండల కార్యాలయం నుంచి ఫారం వచ్చింది. ఊరి పేరు రాయను. సమస్య అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో, ‘కొత్త కంప్యూటర్‌లో ఆట సరిగా రావడం లేదు. బంతి కనబడదు. మౌస్ దుంకుతున్నది’ అని ఉంది. కింద అధికారి సంతకం. చదవకుండానే పెట్టినట్టు తెలుస్తూనే ఉంది. మా సూపరింటెండెంటు ఆ ఫారాన్ని గదిలో అందరికీ వినబడేలా చదివి, “ఇగో, మన ఇంజనీర్ సాబుకు ఆటలాడే డ్యూటీ వచ్చింది” అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో కూడా నాకు గుర్తుంది. మౌస్ ప్రభుత్వ ఆస్తి, మౌస్ సమస్య నా పరిధిలోదే అని చెప్పి ఫారం తీసుకున్నాను.

కొత్తగూడెం, మణుగూరు మీదుగా బస్సులు మారి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఫారం రాసిన మనిషి సమ్మక్క. ముప్పై ఏళ్ళుంటాయి. లోపలి కోయ గూడెం ఆమెది, పదో తరగతి చదివింది. భర్త రాములు అదే కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా ఉండి మలేరియా జ్వరంతో పోయాడు. కారుణ్య నియామకం కింద ఆ పోస్టు ఆమెకిచ్చారు. కానీ షరతు ఉంది: గడువులోగా కంప్యూటర్ నైపుణ్య పరీక్ష పాసు కావాలి. లేకపోతే జూనియర్ అసిస్టెంటు పోస్టు పోతుంది, అటెండరుగా దించుతారు. ఆమె ఒకసారి తప్పింది. రెండోది, ఆఖరుది, ఆరు వారాల్లో ఉంది. టైపింగ్‌లో మార్కులు వచ్చాయి. తప్పింది మౌస్ దగ్గరే.

అటెండరు బుచ్చయ్య రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. నన్ను చూడగానే, “అమ్మా సమ్మక్కా, నీ బంతి దొరకబట్టెటాయన వచ్చిండు” అని కేకేశాడు.

“నవ్వకు బాబాయ్. నేను దిగిపోతే నీ పక్కన బెంచి మీద నాకే జాగ ఇయ్యాలె నువ్వు” అంది సమ్మక్క.

ఆమె మౌస్ నేర్చుకుంటున్నది ఒక పాత ఆటతో. తెర పైన రంగు రంగుల ఇటుకల గోడ, కింద ఒక అడ్డపట్టీ. మౌస్ కదిపితే పట్టీ కుడిఎడమలకు జరుగుతుంది. బంతి కింద పడకుండా దాంతో కొడుతూ గోడను పగలగొట్టాలి. కార్యాలయం మూలన కంప్యూటర్ బల్ల మీదున్న పాత యంత్రంలో ఆమె రోజూ భోజనం వేళ దీన్ని ఆడేది. పాత యంత్రాన్ని తీసేసి కొత్తది ఇచ్చారు. దాన్ని ఆమె సీటులోనే, అంటే రాములు కూర్చున్న బల్ల మీదే పెట్టారు. ఆటను ఎవరో ఫ్లాపీలో ఎక్కించి ఇచ్చారు. అప్పటి నుంచి గొడవ.

ఆఫీసు పని మీదే నేర్చుకోవచ్చు గదా, ఆట ఎందుకని అడిగాను.

“ఇందుల తప్పు జేస్తే ఇటుకనే పోతది సార్. అందుల తప్పు నొక్కితే ఎవలదో ముసలామె పింఛన్ పోతది. గా భయంతోటి నేర్సుకునుడు గాదు” అంది.

ఇంతకంటే మంచి కారణం నేను పెద్ద పెద్ద శిక్షణ తరగతుల్లోనూ వినలేదు.

బంతి సంగతి నాకు వెంటనే అర్థమైంది. అప్పటి ఆటల్లో చాలావాటికి గడియారం ఉండదు. యంత్రం ఎంత త్వరగా లెక్క చేస్తే బంతి అంత త్వరగా కదులుతుంది. నెమ్మది యంత్రం కోసం రాసిన ఆటను వేగమైన యంత్రంలో వేస్తే, బంతి కంటికి కనబడేలోపే కింద పడి ఆట అయిపోతుంది. ఆట పాడైపోలేదు, యంత్రం దానికి మరీ బాగుంది. నా సంచిలో యంత్రాన్ని కావాలనే నెమ్మది చేసే చిన్న ప్రోగ్రాం ఉంది. దాన్ని వేశాను. మొదట మరీ బిగించాను. బంతి ఈడ్చుకుంటూ నడిచింది, పట్టీ కూడా ఆగి ఆగి కదిలింది. ప్రాసెసర్‌ను ఎక్కువసేపు ఆపితే మౌస్ పంపే కబురు కూడా ఆగి, ఒక్కసారిగా గుంపుగా వచ్చిపడుతుంది. కొంచెం కొంచెం వదులుతూ పోయి ఒక చోట నిలిపాను. ఆటను తెర నిండా వచ్చేలా పెట్టాను. చిన్న కిటికీలో ఆడితే మౌస్ బాణం అందులోంచి బయటికి జారిపోతుంది. సమ్మక్క చూసి, “అగో, బంతి మనిషి లెక్క నడుస్తున్నది” అంది. నేను మూడున్నర బస్సు అందుకున్నాను.

రెండు వారాలకు మళ్ళీ ఫారం. ‘బంతి బాగుంది. మౌస్ ఇంకా దుంకుతున్నది.’ మా సూపరింటెండెంటు ఈసారి నవ్వలేదు. ఒకే సమస్య మీద రెండోసారి టూరు వెళ్ళడమంటే మొదటిసారి పని రాకపోవడమే అన్నాడు. ఆ మాట కూడా నా దగ్గర జమ అయి ఉంది.

రెండోసారి వెళ్ళి మౌస్ విప్పాను. అప్పటి మౌస్ కింద రబ్బరు బంతి, లోపల దానికి తగిలి తిరిగే రెండు చిన్న రోలర్లు ఉండేవి. రోలర్ల మీద నల్లటి మురికి పట్టీలా చుట్టుకుంటుంది. గోటితో గీకి, బ్రష్‌తో తుడిచాను. చెయ్యి విసురుగా కదిపితే బాణాన్ని ఇంకా దూరం పరిగెత్తించే సెట్టింగును తీసేశాను. నేను నిలబడి ఆడితే పట్టీ ఈ చివర నుంచి ఆ చివరకు వెన్నలా జారింది. సమ్మక్క ఆడితే కుడివైపు రాగానే ఆగేది, మళ్ళీ ఆలస్యంగా అందుకునేది. ఆలోపు బంతి పడిపోయేది. మౌస్ మార్చాను. అదే తీరు. వైరు గుచ్చే చోటు మార్చాను. అదే తీరు.

“మీరు ఆడితే బాగానే ఆడుతది సార్. నా చేతికే నచ్చుతలేదు” అంది ఆమె. గొంతులో నవ్వు లేదు. పరీక్షకు మూడు వారాలే ఉంది.

నాకు రోషం వచ్చింది. నేను బాగుచేయలేని యంత్రం జిల్లాలో లేదని నా నమ్మకం. మూడో ఫారం రాకముందే, ఆ పక్క ఇంకో పని ఉందని చెప్పి నేనే వెళ్ళాను. ఆ రోజు నడుం పట్టేసి ఉంది. గడపలోనే బుచ్చయ్యతో చెప్పాను: మూడుసార్లు వచ్చాను, ఒక్కసారీ కూర్చోమన్న దిక్కు లేదు, ఇదేనా మీ మర్యాద అని.

బుచ్చయ్య నొచ్చుకున్నాడు. “గట్లనకుర్రి సారూ. మీరు ఎప్పుడు జూసినా తెర లోపలికే దూరుతిరి. కూసుంటరని మాకెట్ల తెలుస్తది?” అంటూ కుర్చీ తెచ్చాడు. అయితే సమ్మక్క కూర్చున్న పక్కన జాగా లేదు. అర్జీ పెట్టుకునే వాళ్ళు కూర్చునే వైపు, సమ్మక్కకు ఎదురుగా వేశాడు. టీ ఇచ్చాడు. అక్కడి నుంచి నాకు మానిటర్ వీపు తప్ప తెర కనబడదు. టీ తాగేదాకా ఆడుతూ ఉండమని సమ్మక్కకు చెప్పాను.

తెర కనబడకపోవడంతో నేను మొదటిసారి ఆమె చెయ్యి చూశాను.

బల్ల మీద పెద్ద అద్దం పరిచి ఉంది. అద్దం కింద మన కార్యాలయాల్లో ఉండేవన్నీ ఉన్నాయి: టెలిఫోన్ నంబర్ల కాగితం, సెలవుల జాబితా, భద్రాద్రి రాముడి చిన్న పటం. మౌస్ తిరిగే చోట, కుడి పక్కన ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో. రాములుది. గుర్తింపు కార్డుకు తీయించినవాటిలో మిగిలిన కాపీ; బతికుండగా తనే పెట్టుకున్నాడట. సమ్మక్క మౌస్‌ను కుడికి జరిపేది. ఫోటో అంచు రాగానే మౌస్‌ను గాల్లోకి ఎత్తి, ఫోటో దాటించి, అవతల దించేది. ఎత్తినప్పుడు లోపలి బంతి తిరగదు. తెర మీద పట్టీ ఆగిపోతుంది. నేను ఆడినప్పుడు ఫోటో మీదుగానే రుద్దుకుంటూ పోయాను. ఆ బల్ల మీద ఏముందో రెండుసార్లూ చూడలేదు.

ఎందుకు ఎత్తుతున్నావమ్మా అని అడిగాను.

ఆమె చెయ్యి ఆగింది. “మొఖం మీంచి పోనియ్యబుద్ధి కాదు సార్. తొక్కినట్టు ఉంటది.”

ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

“మీరు మౌస్‌ది అడిగిన్రు, వైర్‌ది అడిగిన్రు. నా చెయ్యి సంగతి అడగలె గద” అంది.

పాత యంత్రం మూలన వేరే బల్ల మీద ఉన్నప్పుడు ఈ సమస్య లేదు. నేనేమో కొత్త యంత్రం చుట్టూనే తిరిగాను.

ఫోటో తీసి ఇంకోచోట పెడదామని అద్దం ఒక అంచు ఎత్తి చూశాం. చెమ్మకు ఫోటో అద్దానికి అతుక్కుపోయింది; లాగితే చిరుగుతుంది. మౌస్ ప్యాడ్ వేద్దామా అంటే, కొత్త కంప్యూటర్‌తో వచ్చిన ప్యాడ్‌ను స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఉన్నా దాన్ని ఫోటో మీద కప్పడానికి ఆమె ఒప్పుకోదని నాకు తెలుసు. బుచ్చయ్యే, “మనిషిని జరపలేకపోతే మిషన్ జరుపుర్రి” అన్నాడు. ముగ్గురం కలిసి మానిటర్‌ను, కీబోర్డును ఒక జానెడు ఎడమకు జరిపాం. మౌస్ తిరగడానికి ఫోటోకు ఇవతల చాలినంత చోటు వచ్చింది. సమ్మక్క మౌస్ పట్టుకుంది. పట్టీ కుడి చివరకు ఆగకుండా వెళ్ళింది. భోజనం వేళ ముగిసేలోపు మొదటి గోడ మొత్తం పగలగొట్టింది. బుచ్చయ్య ఒక్కో ఇటుకకు ఒక్కో కేక వేశాడు.

ఖమ్మం తిరిగొచ్చి టూర్ డైరీలో ఉన్నదున్నట్టు రాశాను: ‘ఇటుకల ఆటలో బంతి వేగం, మౌస్ సమస్య సరిచేశాను. మానిటర్ ఒక జానెడు ఎడమకు జరిపాను.’ ‘మౌస్ సర్వీసింగ్’ అని రాస్తే సరిపోయేదని తోటివాళ్ళు అన్నారు. నేను చేయని పని రాయను, చేసిన పని దాచను. సూపరింటెండెంటు చదివి, ఆట నిమిత్తం మూడుసార్లు ప్రభుత్వ సమయం వృథా చేశానని మెమో ఇచ్చాడు. డైరీలో ‘జానెడు’ అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీశాడు.

సమ్మక్క పరీక్ష పాసైంది. ఫలితం చూసుకోవడానికి ఖమ్మం వచ్చి, మా గది తలుపు దగ్గర నిలబడి చెప్పింది: “పరీక్ష కాడ బల్ల ఉత్తగ ఉండె సార్. చెయ్యి మస్తు తిరిగింది. ఒక్కసారి మాత్రం కుడి పక్క చూసిన.” నేను లేచి ఆమెకు కుర్చీ వేశాను. సూపరింటెండెంటు చూస్తుండగానే వేశాను.

ఆ పని నాకు నేర్పింది ఇది: యంత్రంలో తప్పు దొరకనప్పుడు వాడేవాళ్ళ చెయ్యి చూడాలి. చెయ్యి చూడాలంటే ఎదురుగా కూర్చోవాలి. కూర్చోవాలంటే కుర్చీ ఉండాలి. అందుకే నా సంజాయిషీ చివర ఒక ప్రతిపాదన రాశాను. ఫిర్యాదు ఫారంలో రెండు గడులు కలపాలి: ‘యంత్రం వాడే మనిషి ఎక్కడ, ఎట్లా కూర్చుంటారు?’ ‘మరమ్మతుకు వచ్చిన వారికి ఎదురుగా కుర్చీ వేశారా?’

ఇప్పుడు నా మెమో ఫైలు ఉన్న సెక్షన్‌కు సూపరింటెండెంటు సమ్మక్కే. పదోన్నతుల మీద అక్కడికి వచ్చింది. ఫోన్ చేస్తే, “ఫైలు దొరికింది సార్. ఒక్క ముక్క రాస్తే అయిపోతది. కానీ అందుల ఉన్నది నా ముచ్చటే. నా ముచ్చట మీద నేనే సంతకం పెడితే రూలొప్పదు” అంటోంది. రూలు నాకూ తెలుసు. నేను ఆమె మీద కోపంతో ఇది రాయడం లేదు. కానీ అన్నేళ్ళ కిందట జరపలేని ఫోటో ఉంటే మిషన్ జరిపాం. ఆమె సంతకం పెట్టకూడదంటే ఫైలును పక్క బల్లకు జరపవచ్చు.

కనుక సమ్మక్క గారూ, ఇది నా నాలుగో ఉత్తరం అనుకోండి. మెమో రద్దయిందని రాయండి, లేదా రద్దు కాదని రాయండి. మీరు రాయకూడదంటే రాయగలిగిన వాళ్ళతో రాయించండి. నాకు కాగితం మీద జవాబు కావాలి.