ఎడమ బాహీ

పొద్దున కుంకుడుకాయ నురగలో బూడిదరంగు ఊలు నానేశాను. విప్పిన ఊలుకు భలే మొండితనం. ఎన్నాళ్లు అల్లికలో వంకర తిరిగి కూర్చుందో, ఆ వంకరను ఒక పట్టాన వదలదు. తడిపి, పిండకుండా, నీడలో తీగ మీద వేలాడదీస్తే గాని సాపు కాదు. చంద్రపూర్ ఊళ్లో, తుకుంలోని మా డాబా మీద చలికాలపు ఎండ మెత్తగా పరుచుకుని ఉంది. తడిసిన ఊలు వాసన ముక్కుకు తగిలిందో లేదో, శాంతక్క వచ్చి నా వెనక నిలబడింది. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. అయినా ఈ వాసనకు మాత్రం రాకుండా ఉండదు. "గట్ల పిండకే పిల్లా, ఊలు పాడైతది," అంటుంది. నేను పిండడం ఆపేస్తాను.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి. చేతి గడియారం ముఖం లోపలివైపుకు తిప్పి పెట్టుకునేది, రోగి నాడి చూసిన అలవాటు. భద్రావతి దగ్గర బొగ్గుగనుల కాలనీ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరయింది. భర్త చిన్నతనంలోనే పోయాడు, పిల్లలు లేరు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, తుకుంలో మా పక్క వాటా అద్దెకు తీసుకుంది. మంచిర్యాలలో ఆమె తమ్ముడు రాజన్న ఉన్నాడు. "ఆడ ఒక్కదానివి ఏం చేస్తవక్కా, అందరున్న కాడికి రా," అని వచ్చినప్పుడల్లా పట్టుబట్టేవాడు. "ఈడ నాకు ఎవలు లేరా ఏంది?" అని ఆమె జవాబు. ఆ జవాబు నిజమేనని తమ్ముడికి చూపించడానికే ఆమె అంతమందిని చుట్టూ చేర్చుకుందేమో అని ఇప్పుడనిపిస్తుంది.

నేను ఆసిఫాబాద్ వైపు నుంచి పెళ్లయి వచ్చిన కొత్త. మా ఆయన కరెంటు కర్మాగారంలో షిఫ్టుల మనిషి. ఇంట్లో ఉంటే నిద్ర, లేచి ఉంటే డ్యూటీ. నాకు మరాఠీ ముక్క రాదు. బజారులో వంకాయను వేలితో చూపించి కొనుక్కునేదాన్ని. నోరు ఊరుకోని మనిషిని, ఊరుకోవలసి వస్తే ఏమవుతుంది? ఆ మొదటి చలికాలం బట్టలు ఉతుకుతూ, గిన్నెలు తోముతూ నాలో నేనే మాట్లాడుకోవడం మొదలుపెట్టాను. ఒకనాడు ప్రహరీ మీదుగా ఒక తల లేచింది.

"ఏం పిల్లా, ఎవలతోని ముచ్చట?"

"ఎవరూ లేరక్కా," అన్నాను సిగ్గుతో చచ్చిపోతూ.

"ఎవలు లేకుంటెనే గింత మాట్లాడుతున్నవ్. ఉంటె ఇంకెంత మాట్లాడుతవో! ఇటురా. ఈ సూదులు పట్టు."

అట్లా ఆమె వరండాలోకి అడుగుపెట్టాను. మధ్యాహ్నం వంటలు, గిన్నెలు అయ్యాక అక్కడ ఆడవాళ్లు చేరేవాళ్లు. గనుల్లో పనిచేసి రిటైరైన వాళ్ల ఇల్లాళ్లు, బడి నుంచి విరమించుకున్న పంతులమ్మ, నాలాంటి కొత్త కోడళ్లు. తెలుగూ మరాఠీ హిందీ కలిసి ఒకే మాటగా నడిచేవి. సూదుల చప్పుడు, మధ్యలో ఎవరో నవ్వు, దూరంగా బొగ్గు బండి కూత. ఆ వరండాలో కాలం నడిచినట్టే ఉండేది కాదు. నీడ మెట్టు దిగి వాకిట్లోకి వచ్చాక, అయ్యో పొద్దు పోయిందే అని అందరం ఒక్కసారి లేచేవాళ్లం.

ఆ వరండాకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి స్వెటర్ వాళ్లే అల్లుకోవచ్చు, వెనకా ముందూ కుడిచేయీ అన్నీ. ఎడమ చేయి మాత్రం ఇంకొకరు అల్లాలి. దాన్ని అందరమూ మరాఠీలో లాగా బాహీ అనే అనేవాళ్లం. ఎవరి బాహీ ఎవరి దగ్గర ఉండాలో శాంతక్క చెప్పేది. నా మొట్టమొదటి స్వెటర్, మా ఆయనకు ముదురాకుపచ్చది, పళ్లు బిగించి అల్లాను. దాని ఎడమ బాహీ కుసుమ్ తాయికి పోయింది. ఆమె మా వీధి చివరి ఇంటి మరాఠీ ఆమె, మనిషీ వదులే, అల్లికా వదులే. అది తయారై వచ్చేసరికి కుడిదానికంటే బెత్తెడు పొడుగు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అక్కా, మొత్తం నేనే అల్లుకుంట. నాకెవరి బాహీ అక్కర్లేదు."

"అల్లుకో. అల్లుకుని?"

"అల్లుకుని... మా ఆయన తొడుక్కుంటడు."

"తొడుక్కుంటడు. నువ్వు తలుపేసుకుని ఇంట్ల కూసుంటవ్. మల్ల నీతోని నువ్వే ముచ్చట." ఆమె సూదుల మీంచి కళ్లెత్తలేదు. "పనంత నీ చేతులనే అయిపోతె రేపు ఈడికి ఎందుకొస్తవే? నీ బాహీ దాని కాడ ఉండాలె, దాని బాహీ నీ కాడ ఉండాలె. గప్పుడే ఇద్దరు వస్తరు."

"అగ బాయీ, నా బాహీ అంత ఘోరంగ ఉందా?" అంది కుసుమ్ తాయి, తెలుగును మరాఠీలో ముంచి తీసినట్టు. అందరూ నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. ఆ వారమే మా ఆయన డ్యూటీలో ఎడమ చేయి పొడుగున్న స్వెటర్ తొడుక్కున్న ఇంకొకాయనను చూశాడట. ఇద్దరూ ఒకరి చేతులొకరు చూసుకుని, "మీ ఇంటామె కూడా శాంతక్క దగ్గరికేనా?" అనుకున్నారట. ఆ తర్వాత నేను బెత్తెడు గురించి మాట్లాడలేదు.

చంద్రపూర్ వేసవి సంగతి చెప్పాలా? ఆ మంటలో ఊలు ముట్టుకుంటే చేతులు చెమటతో జిగటగా అయ్యేవి. అందుకని హోలీ దాటగానే సూదులు లోపలికి, గోనె సంచులు బయటికి. సంచిని విప్పి చట్రానికి బిగించి, పాత చీరలను సన్నని పేలికలుగా చింపి, సైకిల్ పుల్లను వంచి చేసిన కొక్కెంతో గోనె కింద నుంచి ఒక్కొక్క పేలికను పైకి లాగి, గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పాయ్‌దాన్లు చేసేవాళ్లం. వరండాకు తడి గోనె పరదాలు కట్టి ఉండేవి. లోపల చీకటి, చల్లని మట్టి వాసన. పేలిక గోనెలోంచి బుడిపెలా పైకి లేస్తుంటే ఎవరో ఒకరు, "ఇది నా పెళ్లప్పటి చీర," అనేవారు. ఇంకొకరు, "ఇది మా అత్తది, బతికినన్నాళ్లు ముట్టుకోనియ్యలే," అని దాని మీద కాలు పెట్టి చూసుకుని మురిసేవారు. సగం నిద్రలో, సగం మాటల్లో ఎండాకాలం దాటిపోయేది. జీవితంలో అంత హాయి నేను మళ్లీ ఎరుగను, నిజం.

తర్వాత వీధుల్లో కేబుల్ తీగలు వచ్చాయి. మధ్యాహ్నం పూట ఏడుపు సీరియళ్లు వచ్చాయి. బజారులో రంగురంగుల రెడీమేడ్ స్వెటర్లు గుట్టలుగా పడ్డాయి, రెండు చేతులూ సమానంగా. వరండాకు వచ్చేవాళ్లు పలచబడ్డారు. మొదలుపెట్టిన స్వెటర్లు ఎక్కడివక్కడ ట్రంకుపెట్టెల్లో ఉండిపోయాయి. నాకు అప్పటికి బడిలో ఉద్యోగం వచ్చింది. సాయంత్రం తిరిగొస్తుంటే శాంతక్క ఒక్కతే కూర్చుని ఉండేది, చుట్టూ ఖాళీ చాపలు. ఆ చాపలు చూడలేక తల వంచుకుని మా గేటు తీసేదాన్ని.

సరిగ్గా అప్పుడే రాజన్న వచ్చాడు. ఖాళీ వరండా చూశాడు. వెటకారం చేయలేదు, అదే ఇంకా కష్టమనిపించింది. "అక్కా, ఇగ పోదాం," అన్నాడు, అంతే. ఆమె "సరే తమ్మీ," అంది. ఆ మాట గోడ ఇవతల నుంచి విన్నాను. ఎసరు పొయ్యి మీద మరుగుతూనే ఉంది, నేను కదల్లేకపోయాను. ఈ ఊళ్లో నన్ను పిలిచి కూర్చోబెట్టిన మొదటి మనిషి ఆమె. ఆమె లేని తుకుంను నేనేం చేసుకోను?

కూరగాయల బండి దగ్గర కుసుమ్ తాయి కనిపిస్తే, "శాంతక్క ఎల్లుండి పోతుంది," అని మాత్రం చెప్పాను. ఆమె చేతిలోని మెంతికూర కట్ట కింద పడింది. "అగ బాయీ! నా బాహీ ఎవరి దగ్గరుంది మరి?" అంది.

ప్రయాణం నాటి పొద్దున్నే కుసుమ్ తాయి ఒక ఎర్ర బాహీ పట్టుకుని వచ్చింది. ఆమె దగ్గరున్నది ఎవరిదో ఆమెకు గుర్తులేదు, శాంతక్కకే తెలుసు. ఆమె వెనక పంతులమ్మ. ఆ వెనక ఇంకొకరు, చేయిలేని స్వెటర్‌తో. మధ్యాహ్నానికి వరండా నిండింది, మెట్లు నిండాయి. "గిది నీది కాదే, పంతులమ్మది. నీది నీలం రంగు, పిల్ల కాడ ఉన్నది," అని నన్ను చూపిస్తూ శాంతక్క ఒక్కొక్కటీ పోల్చి చెబుతోంది. ఎవరో ఏడుస్తున్నారు. టీవీ మానుకుని వచ్చామని ఇంకెవరో గొప్పలు పోతున్నారు. కట్టిన పరుపుచుట్ట మీద కూర్చుని రాజన్న అంతా చూస్తున్నాడు.

"అక్కా, గిది ఇల్లా, రైల్వే స్టేషనా?" అన్నాడు చివరికి.

"నేను పోతె వీళ్ల బాహీలన్ని ఆగమైతయ్ రా," అంది శాంతక్క.

రాజన్న లేచాడు. వంగి పరుపుచుట్ట తాడు విప్పాడు. "ఇందరికి అల్లినవ్, నాకొక్కటి అల్లకపోతివి," అన్నాడు. ఆమె అప్పటికప్పుడు దారం తీసి అతని భుజాలు కొలిచింది.

అతనికి బూడిదరంగు ఊలు ఎంచింది. సంక్రాంతి దాటాక అతనొస్తే స్వెటర్ చేతిలో పెట్టింది, ఒక్క బాహీతో. "రెండోది కాలె. వచ్చే చలికాలం వచ్చి తీసుకపో." అతను వచ్చాడు. "పొట్టిగైంది, విప్పిన." మరుసటేడు, "రంగు కలుస్తలేదు." ఏటా ఏదో ఒక సాకు. ఏటా అతను బస్సెక్కి సరిహద్దులోని లక్కడ్‌కోట్ మీదుగా వచ్చి, అక్క చేతి జొన్నరొట్టె తిని, తిట్టుకుంటూ వెళ్లేవాడు. సాకని అతనికి తెలుసు. అతనికి తెలుసునని ఆమెకు తెలుసు.

ఆమె ఒక వానాకాలంలో, పెద్దగా మంచాన పడకుండానే వెళ్లిపోయింది. ఆ చలికాలం మా గేటు చప్పుడైంది. తీసి చూస్తే రాజన్న, చంకలో సంచి. "చెల్లే, మా అక్క నా బాహీ నీ కాడ ఇడిసిపోయిందట గదా," అన్నాడు. బాహీ ఏదీ లేదు. ఆమె వాటా ఖాళీ చేసినప్పుడు నాకు దక్కింది బూడిదరంగు ఊలు ఉండలు మాత్రమే. అయినా నోరు దానంతట అదే అంది: "ఇంక కాలేదన్నా. వచ్చే చలికాలం రండి." అతను అక్కడే మెట్టు మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చాడు. నేను లోపలికెళ్లి రొట్టెకు పిండి కలిపాను.

అప్పటినుంచి ఏటా వచ్చాడు. కిందటేడు రాలేదు, మోకాళ్లు మొరాయించాయి. నేనూ రిటైరయ్యాను కదా, ఖాళీయే. ఈసారి బాహీని నిజంగానే పూర్తి చేసి, నేనే మంచిర్యాల వెళ్లాను. అతని మంచం పక్కన కూర్చుని, పాత స్వెటర్‌కు కుట్టి, తొడిగాను. నాది బిగుతు చేయి, కాస్త పొట్టిగానే వచ్చింది. అతను రెండు చేతులూ చాపి చూసుకున్నాడు. సంతోషిస్తాడనుకున్నాను.

"అయిపోయిందా చెల్లే?" అన్నాడు. "ఇగ రావా అయితే?"

నేను కత్తెర అడిగాను. "పొట్టిగైందన్నా, కనబడతలేదా? విప్పి మల్ల అల్లుకొస్త," అని భుజం దగ్గర కుట్టు తెంపాను.

ఇప్పుడు తీగ మీద ఆరుతున్నది ఆ ఊలే. మధ్యాహ్నానికి, అప్పటి వరండాలో లాగే, మా డాబా మీదికి ఆడవాళ్లు సూదులతో వస్తారు. పై వాటాలోకి కొత్తగా దిగిన అమ్మాయి ఇంకా ఎవరితోనూ మాట కలపలేదు. ఉండలు చుట్టి, ఈ బాహీ అల్లమని ఆమెకే ఇస్తాను.