మావయ్య జీపుకి వేయించిన స్ప్రింగులు

పోయిన మంగళవారం పొద్దున్నే పాస్టరమ్మ గారు ఫోన్ చేసి, "మీ మావయ్య ప్రభువునందు నిద్రించారమ్మా" అన్నారు. ఆవిడ మాటను తప్పు పట్టను. మావాళ్ళలో చావుకబురు అలాగే చెబుతారు. కానీ మావయ్య నిద్రపోయాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అత్తయ్య పోయిన దగ్గర్నుంచీ ఆయనకి నిద్రన్నదే లేదు. మంచం మీద కూర్చునే ఉన్నాడట, కాళ్ళు నేలకి ఆనించి. అలాగే పోయాడు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. రెడ్డిగూడెం అవతల మామిడితోటల్లో కాపురం. పాత జీపు ఒకటి ఉండేది. తోటల్లో కోసిన కాయని తారురోడ్డుకి చేర్చడం ఆయన పని. ఆ దారి మీరు చూసి ఉండరు. దారి అనడమే ఎక్కువ. రాళ్ళు, గోతులు, మధ్యలో వాగు. ఆటోవాళ్ళు వాగు దగ్గరే దండం పెట్టి వెనక్కి తిరుగుతారు. మావయ్య మాత్రం చెప్పులు విప్పేసి, ఒట్టి కాళ్ళతో పెడల్ తొక్కుతూ సీజనంతా కాయ మోసేవాడు. బయలుదేరే ముందు జీపు కిందికి వంగి కమాన్ కట్టల్ని పానాతో తట్టి చూసేవాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ ఇనప పట్టీల మీదే బండి బరువంతా ఉంటుంది. ఖంగుమంటే బాగున్నట్టు, మొద్దుగా పలికితే పట్టీ విరిగినట్టు.

"కమానైతే ఒక పట్టీ విరిగినా మిగతావి ఇంటికి చేరుస్తాయమ్మాయ్. స్ప్రింగు విరిగితే అక్కడే కూర్చోవాలి" అనేవాడు. కొత్త జీపుల కింద మెలికలు తిరిగిన స్ప్రింగులు కనబడితే ఆయనకి వెటకారం. "పట్నంలో పెళ్ళిళ్ళకి తిరగడానికి బాగుంటాయిలే."

ఆ మనిషే మాట మార్చుకోవలసి వచ్చింది. అత్తయ్యకి క్యాన్సర్ జబ్బు వెన్నుపూసలోకి పాకింది. రేడియేషన్ కరెంటు పెట్టించడానికి విజయవాడ తీసుకెళ్ళాలి. తారురోడ్డు మీదికి వస్తే కారు దొరుకుతుంది. అక్కడిదాకా జీపే గతి. తిరువూరులో మా ఇంట్లో ఉండమని పోరాను. "నా మంచం మీదే నన్ను పోనీవే" అంది అత్తయ్య.

కమాన్ కట్టలు బరువు కోసం పుట్టినవి. బండి నిండా కాయ ఉంటే అణిగి మెత్తగా పోతాయి. ఖాళీగా ఉంటే ప్రతి రాయీ నడుముకి తగులుతుంది. మొదటిసారి వాగు దాటేలోపే అత్తయ్య పెదవి కొరుక్కుని రక్తం తెచ్చుకుంది. తర్వాతిసారి మావయ్య చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి మనుషుల్ని పిలిచాడు. "రండయ్యా, ఎక్కండి. బరువు పడితే బండి మెత్తబడుద్ది." పనులు మానుకుని వచ్చారు. లావుగా ఉన్నవాళ్ళని ఏరి ముందు ఎక్కించారు. వాళ్ళెవరికీ అటు వెళ్ళే పని లేదు. తారురోడ్డు దాకా వచ్చి, ఆమెని కారులోకి మార్చి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, మళ్ళీ బరువుగా తిరిగొచ్చేవాళ్ళు. మనుషుల మంచితనం మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, ఆ జీపుని చూశాక నోరెత్తలేదు.

అయినా అత్తయ్య మూలుగు ఆగలేదు. మావయ్య జీపుని తిరువూరు తెచ్చాడు. నేను పక్కనుండగానే, కమాన్లు పీకేసి స్ప్రింగులు వెయ్యమని మెకానిక్ భాయ్‌తో అన్నాడు. భాయ్ ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"లోడు పడితే వెనక కూలబడుద్ది బాబాయ్. ఇక కాయ మొయ్యలేవు. ఏం తిని బతుకుతావు?"

"కాయకి నొప్పి తెలీదు కదయ్యా. నువ్వు వెయ్యి."

బండి అడుగు కోసి, వెల్డింగ్ చేసి, స్ప్రింగులు కూర్చోబెట్టేసరికి సీజను మొదలైంది. ఆ ఏడు కాయ వేరేవాళ్ళు మోశారు.

అత్తయ్యని ఎక్కించిన రోజు నేనూ వెంట ఉన్నాను. ఇరుగుపొరుగు అలవాటుగా వచ్చి నిలబడ్డారు. "అక్కర్లేదు, ఇప్పుడు ఖాళీగానే మెత్తగా పోద్ది" అని పంపించేశాడు. వాగు మధ్యలో బండి ఆపి, వెనక్కి తిరిగి, "ఎలా ఉందే?" అని అడిగాడు. అత్తయ్య నీళ్ళవైపు చూస్తూ, "ఊయల్లో ఉన్నట్టుందయ్యా" అంది. ఆయన ముఖం అంతగా వెలగడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆసుపత్రిలో ఆయన మందులకి వెళ్ళినప్పుడు అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "నొప్పి బండిలో లేదే అమ్మాయ్, నా ఎముకల్లో ఉంది. అప్పుడెంతో ఇప్పుడూ అంతే. మీ మావయ్యకి చెప్పకు." ఆ నెల తిరక్కుండానే పోయింది.

కమాన్లు తిరిగి వేయించుకోమని భాయ్ కబురు మీద కబురు పెట్టాడు. మావయ్య వినలేదు. విప్పిన కట్టలు గోడవార తుప్పు పట్టాయి. బరువుకి వచ్చిన జనం కూడా రావడం తగ్గించారు. వాళ్ళ తప్పు లేదు, పిలవడానికి పనే లేకపోయింది. చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూటంలో అందరూ దేవుని చిత్తమన్నారు. ఒక ఆడమనిషి వెన్ను మీద అంత కసి ఏ చిత్తానికి ఎందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. మావయ్య అన్నం కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చునేవాడు.

ఆఖరిసారి నేను వెళ్ళేసరికి జీపు దగ్గరే నిలబడి ఉన్నాడు. కుశల ప్రశ్నలేమీ లేవు.

"నిజం చెప్పు. స్ప్రింగులేశాక మీ అత్తకి నొప్పి తగ్గిందా?"

"తగ్గింది మావయ్యా. నాతో కూడా అంది."

వంగి నా ముఖంలోకి చూశాడు. కోపమేమీ లేదు.

"మీ అత్తా అంతేనమ్మా. నా వంక చూడకుండా చెప్పింది."

జీపు వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ ఆనించి అదిమాడు. ఖాళీ బండి మెత్తగా కిందికి దిగి, మెత్తగా పైకి లేచింది. మళ్ళీ అదిమాడు. వెళ్ళొస్తానన్నాను, తల ఊపాడు. దారి మలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. ఇంకా అదుముతూనే ఉన్నాడు.