నేను పోయానని మాస్టారికి నేనే చెప్పాను

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క నిజాన్ని దాచడానికి మా ఇంట్లో వరసగా చావులు చేశాను. ఆఖరి చావు నాదే. అదెంత భాగవతమో, చివరికి ఎవరి నెత్తిన పడిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేం అడ్డు చెప్పను. నా మనవరాలు మాత్రం ఇంతవరకూ నవ్వలేదు.

నాది మూడో తరగతి చదువు. కొడుకూ కోడలూ తెల్లారకుండానే పత్తిచేలోకో మిరపచేలోకో పోతే ఇంటి పెత్తనం, ఫోను, డబ్బు సంచీ నా దగ్గరే ఉండేవి. నా బొడ్లో సంచి మూతి తెరవడం కన్నా మొసలి నోరు తెరిపించడం తేలికని ఊళ్ళో అనేవాళ్ళు. కిందటేడు మనవరాలు లావణ్య పదో తరగతికొచ్చింది. వస్తూనే ప్యాడ్ల పొట్లం కొనమంది.

"పత్తి పండించేవాళ్ళం పత్తి కొనుక్కోవడమేమిటే? ఇంట్లో పాతచీరలు లేవా?"

"గుడ్డతో సాయంత్రందాకా ఎట్టా కూర్చునేది నాయనమ్మా? బళ్ళో ఇచ్చేవి ఒక నెల వస్తే ఇంకో నెల రావు. బాత్రూములో నీళ్ళూ రావు."

"అయితే ఆ నాలుగు రోజులూ ఇంట్లో కూర్చో. బడి యాడికీ పోదు."

బడి ఎక్కడికీ పోలేదు కానీ, బళ్ళోంచి మాస్టారి ఫోను వచ్చింది.

"లావణ్య రాలేదేమండీ?"

అడిగేది మగమనిషి. ఏమని చెప్పను? "మా ఆడబిడ్డ పోయింది బాబూ" అనేశాను. ఆవిడ ఆ వేళకి చిలకలూరిపేటలో పెసరట్టు తింటూ ఉండి ఉంటుంది.

"అయ్యో! మైల కదండీ, నిదానంగా పంపండి."

చూశారా మర్యాద! చావు మైలని ఊరంతా చాటుకోవచ్చు. ఆడపిల్లకు నెలనెలా వచ్చేది మాత్రం గోడక్కూడా వినపడకూడదు. దారేదో బాగుందని మరుసటి నెల మా మరిదిని, ఆపై నెల మా బావగారిని సాగనంపాను. మైలన్నాక పాటించాలి కదా, నాలుగు రోజుల సెలవు కాస్తా పది రోజులైంది.

"నాయనమ్మా, హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు" అని లావణ్య పెరట్లోంచి మొత్తుకునేది.

"ఏడ్చావులే. ఇన్ని చావులు జరిగిన ఇంటిమీద జాలి పడరా?" అనేదాన్ని.

కాయలు కల్లానికొచ్చే వేళకి చంపడానికి చుట్టాలు మిగల్లేదు. ఫోను మోగింది. గొంతు మార్చి ఎత్తాను.

"లావణ్య వాళ్ళ నాయనమ్మగారేనా అండీ?"

"ఆవిడ పోయింది బాబూ."

"అయ్యో దేవుడా! మీరెవరండీ?"

"పక్కింటిదాన్ని. మహాతల్లి, ఎంత పొదుపరో!" చచ్చాక కూడా నన్ను నేను పొగుడుకోకుండా ఉండలేకపోయాను.

మర్నాడు మా ఇంటి ముందరి కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలీల మీద కేకలేస్తున్నాను. బండి ఆగింది. పలకరింపుకని అరటిపళ్ళు పట్టుకుని మాస్టారు దిగాడు. బళ్ళో పిల్లకిచ్చిన బూట్లు బిగుతని ఆ ఏడు మొదట్లోనే బడికెళ్ళి ఆయనతో పోట్లాడి వచ్చాను. మరిచిపోదామన్నా ఆయనకి నా మొహం మరపు రాదు.

"మీరు... మీరు పోయారు కదండీ?"

"పోయాను బాబూ. కాయలేరడానికి మనుషులు చాలక మళ్ళీ వచ్చాను."

కూలీలు కొంగులు నోట్లో కుక్కుకుని పడీపడీ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "హాజరు బాగా తగ్గిందమ్మా. అసలు కారణం చెప్పండి, పెద్దమాస్టారితో మాట్లాడి చూస్తాను. బాగా చదివే పిల్ల."

అంతమందిని అవలీలగా చంపిన నా నాలుక ఆ ఒక్క మాట దగ్గర కొయ్యబారిపోయింది. "జ్వరం" అన్నాను.

లావణ్య పెరట్లోంచి వచ్చి నిలబడింది. "జ్వరం కాదు సార్, నెలసరి. నాయనమ్మ ప్యాడ్లు కొనదు. బళ్ళో నీళ్ళు రావు. అదే రాయండి సార్."

మాస్టారి చెవులు పండుమిరపకాయలయ్యాయి. "అది... అలాంటివి కాగితం మీద ఎలా రాస్తామమ్మా?" అంటూ పళ్ళు కాయలారబోసిన పట్టా మీద పెట్టి బండెక్కాడు.

బతికున్నవాళ్ళ చావులు మాత్రం నిక్షేపంగా రాసుకున్నారు. నిజం దగ్గరికొచ్చేసరికి వాళ్ళకి కలం కదల్లేదు. హాల్ టికెట్టు రాలేదు. తోటిపిల్లలు పరీక్ష రాస్తున్న పొద్దుల్లో నా మనవరాలు నా పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీసింది.

ఈ ఏడు తనకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చుని మళ్ళీ పదో తరగతే చదువుతోంది. పొట్లం నేనే వెళ్ళి కొంటున్నాను. కొట్టువాడు అటూ ఇటూ చూసి, దానికి పేపరు చుట్టి, పైన నల్లకవరు తొడుగుతాడు.

"విప్పరా! పురుగుమందు డబ్బా ఊపుకుంటూ చేతికిస్తావు, దీనికెందుకురా ఇన్ని ముసుగులు?" అంటాను. వాడు తలొంచుకుని విప్పుతాడు.

కనుక అమరేశ్వరుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మా ఇంట్లో ఎవరు పోయినా నిజంగానే పోవాలి. పిల్ల పరీక్షలు అయ్యేదాకా అలా నిజంగా పోవడానికి కూడా వీల్లేదని చుట్టాలందరికీ కబురు పెట్టాను.