నాలుగో పాత్ర ముందు చీటీ

మ్యూజియంలో టికెట్లు చింపేది నేను. రెండో గదికి కాపలా ఉండేది బాబాయి. ఆయన నాకొక్కదానికే బాబాయి కాదు. ఎవరు మొదలుపెట్టారో గాని, వచ్చేపోయే జనమంతా ఆయన్ని చరిత్ర బాబాయి అనేవారు. చదివింది ఎనిమిదో తరగతి. మాట్లాడితే మాత్రం ఇప్పుడే ఏదో చక్రవర్తితో కాఫీ తాగి వచ్చినట్టు ఉండేది.

పెద్ద చదువులవాళ్ళు మా దగ్గరికొచ్చి ఏమీ అడగరు. అంతా తెలుసన్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని నడిచిపోతారు. అడిగేది మామూలు జనమే. ఒక లారీ డ్రైవరు, "లక్షమంది సైన్యం బయల్దేరిందంటారు. గుర్రాలకి గడ్డి ఎవరు మోసేవాళ్ళండీ?" అన్నాడు. ఒక మంగలి, "కిరీటం పెట్టుకున్నాక రాజుగారికి తల దురదేస్తే?" అన్నాడు. బట్టలు కుట్టే ఆవిడ ఒకామె, ఓడల్లో లోకం చుట్టొచ్చినవాళ్ళ చొక్కాలకి బొత్తాలు ఊడితే ఎవరు కుట్టారని అరగంట నిలదీసింది. బాబాయి నోట "తెలియదు" అన్న మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. తెలిస్తే చెప్పేవాడు, తెలియకపోతే అప్పటికప్పుడు అల్లేవాడు. అల్లిందే ఎక్కువ బాగుండేది, అది వేరే సంగతి.

ఆయనకి ప్రాణం మూడో అద్దాల బీరువా. అందులో రెండు వేల ఏళ్ళ నాటి ఆరు మట్టి పాత్రలు వరసగా ఉంటాయి. అన్నీ అరచేతిలో ఇమిడేవే. ఒక్కోదాని ముందు ఒక చీటీ. మూడో పాత్ర ముందు "పసిబిడ్డకు పాలు పట్టిన పాత్ర, బిడ్డ సమాధిలో దొరికినది" అని ఉంటుంది. ఆ పాత్రకి ముక్కు లేదు, వెడల్పాటి నోరు. చూసిన ప్రతి తల్లీ ఒకటే అడిగేది: "దీంతో బిడ్డ ఎలా తాగుతుందండీ?" బాబాయి తడుముకోకుండా, "పాలల్లో గుడ్డ తడిపి నోటికి అందించేవారమ్మా" అనేవాడు. వాళ్ళు తలూపి వెళ్ళిపోయేవారు. నాలుగోదానికి సన్నటి ముక్కుంది, ముందు చీటీ మీద "దీపంలో నూనె పోసే పాత్ర" అని ఉంది. దాని మీద ఆయనకో జోకు ఉండేది. ఆ కాలపు పిసినారి మొగుడు పెళ్ళానికి నూనె చుక్కలు లెక్కబెట్టి పోయడానికి చేయించాడని. స్కూలు పిల్లలు పడీపడీ నవ్వేవారు. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి.

నిరుడు పైవాళ్ళు బాబాయిని గైడుగా వేద్దామనుకున్నారు. ఇరవై రెండేళ్ళు స్టూలు మీద కూర్చున్న మనిషికి మైకు, బ్యాడ్జీ, పేరు రాసిన బల్ల. ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి ఆయన చెప్పేది వింటుంది, అంతే మిగిలింది. పిన్ని కొత్త చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టింది. ఆయన నా కిటికీ దగ్గరికొచ్చి రోజూ అదే మాట: "అమ్మాయ్, గైడు అంటే జనం వినాల్సిందే. కాపలావాడు చెప్తే వింటే వింటారు, లేకపోతే లేదు."

కమిటీ రావడానికి ముందురోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. ప్రసూతి వార్డులో ఆయా. కళ్ళద్దాలు మర్చిపోయి వచ్చిందట, చీటీలేవీ చదవలేదు. పాత్రల్నే చూసుకుంటూ వెళ్ళి నాలుగో దాని ముందు ఆగిపోయింది.

"అయ్యో, పాలగిన్నె ఇంత చిన్నదా! ఎన్ని రోజుల బిడ్డో పాపం."

బాబాయి నవ్వి, "అది నూనె గిన్నెమ్మా. పాలది దాని పక్కది" అన్నాడు.

"ఊరుకోండి బాబాయిగారూ. ముప్ఫై ఏళ్ళుగా పాలు పడుతున్నాను. ముక్కు చూడండి, పసినోటికి సరిగ్గా సరిపోతుంది. చివర అరిగింది కూడా. నూనె పోస్తే అలా అరుగుతుందా?"

ఆవిడ వెళ్ళిపోయింది. బాబాయి నన్ను పిలిచి బీరువా తాళం తీశాడు. పాత్రల అడుగున సిరాతో వేసిన అంకెలుంటాయి, చీటీల వెనక కూడా ఉంటాయి. ముక్కున్న పాత్ర తిప్పాడు, నాలుగు. దాని ముందున్న చీటీ తిప్పాడు, అయిదు. పాలచీటీ తిప్పాడు, నాలుగు. అది మూడో పాత్ర ముందుంది. ఆరింటికి ఆరూ ఒక్కో స్థానం జరిగి ఉన్నాయి.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. నెమ్మదిగా గుర్తొచ్చింది. ఏటేటా దుమ్ము దులిపే రోజున చీటీలన్నీ తీసి బల్ల మీద వరసగా పేర్చి, తుడిచాక అదే వరసలో పెట్టడం ఆయన పద్ధతి. పదకొండేళ్ళ కిందట, ఆయన ఈ గదికి కొత్తగా మారి వచ్చిన ఏడు, మొదటి చీటీకి చెమ్మ పట్టి మళ్ళీ రాయించడానికి ఇచ్చాడు. మిగిలిన అయిదింటినీ అలవాటు కొద్దీ మొదటి పాత్ర నుంచే సర్దుకుంటూ పోయాడు. చివర ఖాళీ మిగిలింది. కొత్త చీటీ రాగానే అక్కడ పెట్టేశాడు.

"పదకొండేళ్ళు! చచ్చిపోయిన బిడ్డ పాలగిన్నె మీద జోకులేసి నవ్వించానమ్మాయ్. దాన్ని పట్టుకుని పిసినారి మొగుడన్నాను" అన్నాడు. ఆ తల్లులంతా ప్రశ్న సరిగ్గానే అడిగారు. బిడ్డ ఎలా తాగుతుందని అడిగినప్పుడల్లా ఈయన వాళ్ళ నోరు మూయించాడు. చీటీ చదివాక వస్తువుని చూసేదెవరు? నేనూ రోజూ చూసినదాన్నే.

"ఇప్పుడే మార్చేద్దాం బాబాయ్, ఎవరికీ తెలియదు. పైవాళ్ళకి చెప్పాలా వద్దా అన్నది రేపు కమిటీ అయ్యాక నిదానంగా ఆలోచిద్దాం" అన్నాను. నిజమే, నేనే అన్నాను. ఆయన నా వైపు అదోలా చూసి చీటీలు మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే పెట్టి తాళం వేశాడు.

మర్నాడు కమిటీ వచ్చింది. మా అధికారిగారు తాను రాసిన మ్యూజియం పుస్తకం అందరికీ తలా ఒకటి పంచారు. బాబాయి ఇస్త్రీ చొక్కాలో మూడో బీరువా ముందు నిలబడి జరిగిందంతా చెప్పేశాడు. దాపరికం లేదు, నసుగుడు లేదు. అధికారిగారి మొహం మాడిపోయింది.

"అదెలా కుదురుతుంది? పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. మూడో పాత్రే పాలది. గుడ్డ తడిపి పట్టేవారని పద్ధతి కూడా వివరంగా రాశాను."

కమిటీ సభ్యురాలొకామె పేజీ తిప్పి, "గుడ్డ తడిపి పట్టేవారని దేన్నిబట్టి రాశారు? ఆధారం ఏమిటి?" అని అడిగింది.

అధికారిగారు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు. బాబాయి చెయ్యెత్తాడు.

"ఆధారం నేనేనమ్మా. ఎవరో అడిగితే నోటికొచ్చింది చెప్పాను. సారు అప్పుడు పక్కనే ఉన్నారు."

ఈ కాపలాదారు ఒక మధ్యాహ్నం పొద్దుపోక అల్లిన మాట అచ్చయి, అట్టేసుకుని, బళ్ళకీ లైబ్రరీలకీ వెళ్ళి కూర్చుంది. ఎక్కడో ఎవరో దాన్ని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుని ఉంటారు.

గైడు పని వేరేవాళ్ళకిచ్చారు. బాబాయిని సంచుల గదికి మార్చారు. లోపలికెళ్ళేవాళ్ళ సంచులు తీసుకుని టోకెన్ ఇవ్వడం అక్కడి పని. చీటీలు మార్చమని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. నాలుగు నెలలకి జవాబు వచ్చింది. "పుస్తకంతో సరిపోల్చి చూడగా చీటీలు సరిగానే ఉన్నవి. పాత్రల అడుగున అంకెలు వేసినవారు పొరబడి ఉండవచ్చును."

నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయి కాగితం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పదకొండేళ్ళు అబద్ధం చెప్పాను. ఒక్కళ్ళూ అడ్డం రాలేదు, పైగా అచ్చేశారు. ఒక్కరోజు నిజం చెప్పాను. నేను చెప్పిన అబద్ధాన్నే సాక్ష్యం తెచ్చి కాదన్నారమ్మాయ్."

ఇంతలో చంకలో బిడ్డతో ఒక అమ్మాయి వచ్చి సంచి బల్ల మీద పెట్టింది. బాబాయి టోకెన్ ఇచ్చి, "రెండో గది, మూడో బీరువా తల్లీ. చీటీలు చదవకు, ముందు పాత్రలు చూడు. ఏది పాలగిన్నో నువ్వే వచ్చి నాకు చెప్పు" అన్నాడు.