అరగంట పాఠం, ఒక్క మాట

హౌగాంగ్‌లో మా బ్లాకు పక్కనే పెద్దవాళ్లకి ఇంగ్లీషు నేర్పే క్లాసు ఉండేది. ఊళ్లో అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్లు దాటడంతో ఇంగ్లీషు వింటే అర్థమయ్యేది. టీచరు చైనీసావిడ, నర్సుగా చేసి రిటైరయింది. కొత్తవాళ్లకి ఏదైనా తెలుగులో చెప్పాల్సి వస్తే నన్నే లేపేది.

ఆ ఏడు క్లాసులో నేను కాక తెలుగుది ఒక్కతే. పెళ్లయి రెండేళ్లు, భర్త దగ్గరికి వచ్చి ఆరు నెలలు. మా గోదావరి వైపు పిల్ల. అందరూ నన్ను ఆంటీ అంటుంటే తను మాత్రం అత్తయ్యగారూ అనేది. ఆ పిలుపుకి మురిసిపోయి తన కోసం పులిహోర పట్టుకెళ్లేదాన్ని.

ఒక శనివారం పొద్దున, ఒంట్లో బాధ డాక్టరుకి ఎలా చెప్పుకోవాలన్నది పాఠం. తలనొప్పి, దగ్గు అయ్యాక టీచరు తలుపు దగ్గరగా వేసి, ఆడవాళ్ల లోపలి భాగాల బొమ్మ గోడకి అంటించింది. గులాబి రంగు బొమ్మ, ఒక మూల చిరిగితే టేపు వేసి ఉంది. కలయిక వల్ల అంటుకునే జబ్బులు ఉన్నాయంది. తెల్లబట్ట రంగు మారినా, పొత్తికడుపులో నొప్పి వచ్చినా ఆగకుండా క్లినిక్కి వెళ్లమంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలట. మందులతో నయమవుతుందట. అశ్రద్ధ చేస్తే పిల్లలు పుట్టడం కష్టమవుతుందట. సిగ్గుపడొద్దని రెండుసార్లు చెప్పి, "ఆ అమ్మాయికి చెప్పు" అంది నాతో.

పిల్ల నా మోచెయ్యి పట్టుకుంది. "ఏమంటన్నారండీ అత్తయ్యగారూ?"

ఆంటీ అని పిలిచి ఉంటే చెప్పేదాన్నేమో. అత్తయ్యా అని పిలిచిన పిల్లతో నీ మొగుడూ నువ్వూ అని ఎలా మొదలుపెట్టను?

"శుభ్రంగా ఉండమంటందమ్మా" అన్నాను.

వెనక కూర్చున్న తమిళావిడ పకపకా నవ్వింది. "అయ్యో ఆంటీ, టీచర్ హాఫ్ అవర్ టాకింగ్, యూ వన్ లైన్ ఫినిష్ ఆ? సూపర్ ఫాస్ట్ లా!"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. పిల్ల మాత్రం నవ్వలేదు.

"అంతేనాండీ? బేబీ అని ఏదో అన్నారు కదండీ."

"పిల్లల్ని కూడా శుభ్రంగా ఉంచమంది."

తలూపి పుస్తకంలో రాసుకుంది.

అప్పటికే తనకి ఆ నొప్పి ఉందని నాకు తెలియదు. తెలిస్తే చెప్పేదాన్నా? చెప్పేదాన్నని అనుకోవడం నాకిష్టం. నా మాట పట్టుకుని పూటపూటా వేణ్ణీళ్లలో ఉప్పు వేసి కడుక్కునేదట. మూడు నెలలకి జ్వరం ముంచుకొచ్చి ఆసుపత్రిలో పడింది. నేను చూడ్డానికి వెళ్లేసరికి వాళ్లాయన బయట బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు. పిల్లలు పుట్టడం కష్టమేనని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్లాడట.

పిల్ల ఏడవడం లేదు. "ముందే వస్తే మందులతో పోయేదంటండీ. ఆ రోజు టీచరుగారు ఇదేమన్నా చెప్పారా అండీ?"

"గుర్తు లేదమ్మా."

"అవున్లెండి, ఎన్ని పాఠాలని గుర్తుంటాయి" అని, మంచం మీద కాస్త జరిగి నాకు చోటిచ్చింది. కూర్చున్నాను.