ఇంగ పో అన్నదాకా కదలని పొట్టేలు

మా చిన్నప్పుడు... తెల్లారేసరికి నా పావడ అంచు నములుతూ నన్ను లేపేది మా పొట్టేలు. అరుగు మీద నా పక్కనే దాని గుంజ. కళ్ళు నులుముకుంటూ లేచి, ముందు దానికి నానిన ఉలవలు పెట్టి, ఆ తర్వాతే నేను మొహం కడుక్కునేదాన్ని.

నాకిప్పుడు తొంభై దాటాయి. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోనులో రాస్తోంది. తెల్లదొరల కాలం నాటి మాట ఇది. కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె మాది... నాపరాళ్ళ మిద్దెలు, నల్లరేగడి చేలు, వాన వస్తే పంట, లేకపోతే లేదు.

మా తమ్ముడికి ఏడాది నిండకముందే ఒళ్ళంతా అమ్మవారు పోసింది. వాడికంటే ముందు పుట్టిన మగబిడ్డలెవరూ అమ్మకి దక్కలేదు. వీడైనా బతికితే పొట్టేలును ఇచ్చుకుంటానని సుంకులమ్మకి మొక్కుకుంది అమ్మ. వాడు బతికాడు. వాడు లేచి కూర్చున్న రోజునే నాయన గొల్లవాళ్ళ దగ్గరికి వెళ్ళి, పాలు మరిచిన ఎర్ర పొట్టేలుపిల్లను భుజాన వేసుకుని వచ్చాడు.

మేపే పని అవ్వదీ, నాదీ. అవ్వంటే నాయనకి అమ్మ. నోరు పెద్దది, చెయ్యి మెత్తన.

"ఇది మనది కాదు పాపా, అమ్మవారిది. మనం మేపేదొకటే" అని మొదటి రోజే చెప్పింది. నేను విన్నాను గానీ... వినడం వేరు కదా.

ఆ ఏడు వానలు మొండికేశాయి. గట్ల మీద గడ్డి పోచ లేదు. నేనూ అవ్వా దోటి పట్టుకుని తుమ్మచెట్ల కింద తిరిగేవాళ్ళం... రాల్చిన కాయలు ఒడి నింపుకుని వచ్చేవాళ్ళం. ఇంట్లో కందిపొట్టు, జొన్నచొప్ప, కుడితి. ఉలవలు ఉడకబెడితే గింజలు దానికి, ఆ నీళ్ళతో కాచిన చారు మాకు. "మనుషుల కంటే దానికే యోగముండాది" అని నాయన నవ్వేవాడు. అవ్వ రోజూ దాని వెన్ను మీద వేళ్ళు పెట్టి తడిమేది. ఎముక చేతికి తగిలితే ఆ పూట తన సంగటిలో సగం దానికే.

గోమార్లు పట్టి రక్తం పీల్చకుండా బావి దగ్గరికి తీసుకెళ్ళి కడిగేదాన్ని. నీళ్ళు పడగానే ఒళ్ళు విదిలించి నన్నంతా తడిపేది. తడి పావడతో ఇంటికొస్తే అమ్మ చేతిలో చీవాట్లు. అందుకని దానికి ఒక అలవాటు చేశాను. చెవి పట్టుకుని నిలబెట్టి కడగడం... నేను వెనక్కి జరిగి "ఇంగ పో" అన్నాకే అది విదిలించుకోవాలి. అప్పుడొక రొట్టె ముక్క. కొన్నాళ్ళకి ఎన్ని చెంబులు పోసినా రాయిలా నిలబడి నా నోటి వైపే చూసేది. అది చూసి అవ్వ తెగ మురిసిపోయేది.

అదే మా కొంప ముంచింది.

జాతర రోజున దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, వేపాకు దండ కట్టి గుడి ముందు నిలబెట్టారు. మా వైపు పొట్టేలును ఊరికే కోసేవాళ్ళు కాదు. వీపు మీద పసుపు నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు.

పూజారి చెంబు వంచాడు. పొట్టేలు కదల్లేదు.

"ఇంగో చెంబు పొయ్యప్పా" అన్నాడు నాయన. పోశాడు. డప్పులు ఆగిపోయాయి. చెవుల్లోంచి నీళ్ళు కారుతున్నా అది అట్లాగే నిలబడి జనంలో ఎవరికోసమో చూస్తోంది. ఎవరికోసమో నాకు తెలుసు. అవ్వకీ తెలుసు.

"అమ్మకు మనసు రాల్యా. మొక్కులో ఏందో తక్కువుండాది. తోలుకపోండి" అన్నాడు పూజారి.

నా గుండె ఎగిరి గంతేసింది. ఇంటికి తోలుకుపోవచ్చు! రేపు పొద్దున మళ్ళీ పావడ నములుతుంది!

అప్పుడు అమ్మను చూశాను. తమ్ముణ్ణి కొంగులో చుట్టి గట్టిగా అదుముకుంది. "నేనేం తక్కువ చేసినా తల్లీ... నా బిడ్డ జోలికి రావద్దే తల్లీ..." అంటూ నేల మీద కూలబడిపోయింది. మచ్చలు ఇంకా చెరగనే లేదు వాడి మొహం మీద.

అవ్వ వైపు చూశాను. చెప్పమనలేదు, వద్దనలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నన్నే చూస్తోంది.

జనాన్ని తోసుకుని వెళ్ళి దాని చెవి పట్టుకున్నాను. అది నన్ను చూసి తోక ఆడించింది. బావి దగ్గరైతే వెనక్కి జరిగి చెప్పేదాన్ని. ఆ రోజు జరగబుద్ధి కాలేదు.

"ఇంగ పో" అన్నాను.

తల నుంచి తోక దాకా విదిలించుకుంది. పసుపు నీళ్ళన్నీ నా మీదే పడ్డాయి. జనం ఒక్కసారిగా అరిచారు, డప్పులు మోగాయి, అమ్మ ఏడుస్తూ నవ్వింది. అది రొట్టె ముక్క కోసం నా చేయి వాసన చూసింది. నా చేతిలో ఏమీ లేదు.

ఆ రోజు ఊరంతా మా ఇంట తిన్నది. అవ్వా నేనూ మజ్జిగ తాగి పడుకున్నాం. తప్పు చేశానని నేననుకోను. తమ్ముడు ముని మనవళ్ళను ఎత్తుకున్నాడు, అంతకంటే ఏం కావాలి? అమ్మకి మాత్రం ఆ అలవాటు సంగతి చివరిదాకా నేనూ చెప్పలేదు, అవ్వా చెప్పలేదు.

ఇప్పుడు సంతలో పొట్టేళ్ళకి రంగు పూసి వ్యానుల్లోకి ఎక్కిస్తున్నారు. మేత బస్తాల్లో వస్తోంది, మాంసం నల్ల కవర్లో వస్తోంది. దాని మొహం ఎట్లా ఉండేదో తిన్నవాళ్ళకి తెలియదు. ఒకరకంగా అదే నయమేమో...

మీ ఇంట్లోనూ చేత్తో మేపిన జీవాలు ఉండే ఉంటాయి. మీరేమని పిలిస్తే పలికేవో రాయండి, మా మనవరాలు చదివి వినిపిస్తుంది. తను సెలవులైపోయి ఊరికి బయలుదేరినప్పుడల్లా నేను గడప దాకా వచ్చి "వెళ్ళి రా తల్లీ" అంటాను. పొట్టేలుతో అన్న ఆ మాట మాత్రం, ఆ రోజు తర్వాత ఏ ప్రాణితోనూ అనలేదు.